మెత్తటి గుడ్డ తెమ్మన్నారు

అమ్మ రెండు మణికట్ల మీదా గాజు వెడల్పున నల్లటి మచ్చ ఉంది. చూసినవాళ్ళు అదేంటని అడుగుతారు. అడక్కుండా ఉండటం మా ఊళ్ళో ఎవరికీ చేతకాదు. "మిరపకాయలు" అంటుంది అమ్మ. అంతకు మించి చెప్పదు. అది అబద్ధం కాదు గానీ, ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నేను ఏదో పనున్నట్టు దొడ్లోకి పోతాను. ఆ మచ్చలు పెట్టింది నేను. అమ్మకి తెలుసు, ఆవిడకి తెలుసని నాకూ తెలుసు. నాలుగేళ్ళయినా ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. కనీసం రాస్తేనైనా నా మనసు కుదుటపడుతుందేమోనని రాస్తున్నాను.

మాది గుంటూరుకి బస్సులో గంట దూరం. రెండెకరాలు సొంతం, మూడు కౌలు. కొంచెం పత్తి వేస్తాం, మిగిలిందంతా మిరపే. నాన్న పోయాక సేద్యం అమ్మ చేతికొచ్చింది. మా ఆయన చీమకుర్తి నుంచి రాళ్ళ లారీ నడుపుతాడు, ఇంటికి చుట్టంలా వచ్చిపోతుంటాడు. నేను ఇంటర్ చదివి, ఒక్కగానొక్క కూతుర్ని గనక అమ్మ దగ్గరే ఉండిపోయాను. నాకు నోరెక్కువని ఊళ్ళో పేరు. అమ్మకి నోరు తక్కువ, పట్టుదల ఎక్కువ. ఇద్దరికీ పడేది కాదు, ఒకరు లేకపోతే ఒకరికి తోచేదీ కాదు.

మా ఇంట్లో ఒక గొప్ప ఉండేది. మా చేతులకి కారం అంటదని. కొత్తగా వచ్చిన కూలీలు సాయంత్రానికి చేతులు భగభగమండి పెరుగు గిన్నెలో ముంచుకుని కూర్చుంటే, అమ్మా నేనూ చూసి నవ్వుకునేవాళ్ళం. రోజంతా కాయ కెలికి, చేతులు ఒట్టి నీళ్ళతో ఓసారి కడుక్కుని అన్నం కలుపుకునేవాళ్ళం. పుట్టినప్పట్నుంచీ ఆ ఘాటులోనే ఉన్నాం కదా, అది మా ముక్కుకీ తెలియదు, చర్మానికీ తెలియదు. అదేదో మేం సంపాదించుకున్న బిరుదు అనుకునేవాళ్ళం.

ఆ ఏడు కాయ కల్లంలో ఆరబోసి ఉంది. అమ్మ ఒక పాత నూలు చీర తలకీ ముక్కుకీ చుట్టుకుని పొద్దున్నుంచీ తాలు ఏరుతూ కూర్చునేది. రంగు పోయి తెల్లబడ్డ కాయని మేం తాలు అంటాం. అది ఎర్రకాయలో కలిసిందంటే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. ఏరుతూ ఏరుతూ దగ్గేది. మిరప కల్లంలో దగ్గుని జబ్బు కింద ఎవరూ లెక్కెయ్యరు. నేనూ దగ్గుతున్నాను, కూలీలూ దగ్గుతున్నారు, కుక్క కూడా దగ్గుతోంది. "ఘాటమ్మా, కాసిని నీళ్ళు తాగు" అన్నాను. రెండో రోజూ అదే అన్నాను. ఒళ్ళు వెచ్చబడితే ఎండ అన్నాను. అయిదో రోజు మధ్యాహ్నం అమ్మ ఆ కాయల మీదే పక్కకి ఒరిగిపోయింది. పెదాలు నల్లబడ్డాయి.

గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. రెండు ఊపిరితిత్తులూ నిమ్ముతో నిండిపోయాయన్నారు. వెంటిలేటర్ పెట్టారు. నోట్లోంచి గొంతు కిందకి ఒక గొట్టం, దాన్ని చెంపలకి అంటించిన ప్లాస్టరు, ముక్కులో ఇంకో సన్నగొట్టం, మెడ దగ్గర సూది. గొట్టం ఉన్నంతసేపూ మాట రాదన్నారు. ఐసీయూకి అద్దం తలుపు. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు లోపలికి పంపేవాళ్ళు. మిగతా వేళంతా బయట ఇనపకుర్చీలో కూర్చుని, ఆ తలుపు తెరిచినప్పుడల్లా మా అమ్మ పేరు పిలుస్తారేమోనని గుండె చిక్కబట్టుకోవడమే. లోపలున్న ఎనిమిది మందీ మంచాలకి, బయటున్న మేమందరం కుర్చీలకి అతుక్కుపోయి ఉన్నాం. టీకి వెళ్ళాలన్నా భయమే. వెళ్ళినప్పుడే పిలుస్తారని అక్కడ అందరికీ ఒక నమ్మకం.

మొదటి సాయంత్రమే పిలిచారు. అమ్మ మగతలో చెయ్యెత్తి నోట్లో గొట్టం సగం పీకేసుకుందట. మళ్ళీ వేసేసరికి అందరికీ పైప్రాణాలు పైనే పోయాయట. పగలు డ్యూటీలో ఉండే నర్సు ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. పాతికేళ్ళ పిల్ల, వాడరేవు నుంచి వచ్చింది, వాళ్ళది చేపలు పట్టే ఇల్లట. అమ్మని పెద్దమ్మ అనేది, నన్ను అక్కా అనేది.

"చేతులు కట్టాలి అక్కా. ఇక్కడ సంతకం పెట్టండి."

"కట్టటమేంటి? ఆవిడేమన్నా గొడ్డా?"

అద్దం తలుపు అవతల ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. ఆ పిల్ల మాత్రం గొంతు పెంచలేదు. "ఎనిమిది మంచాలకి ఇద్దరమే అక్కా. ఒకరికి మందు ఎక్కిస్తుంటే ఇంకొకరు పీక్కుంటారు. ఈసారి పీక్కుంటే మళ్ళీ వేసే టైం ఉండకపోవచ్చు. నాకు మాత్రం సరదానా?"

సంతకం పెట్టాను. అమ్మ బతకడానికే కదా అనుకున్నాను. రెండు చేతులకీ బ్యాండేజీ గుడ్డ చుట్టి మంచం పక్క కమ్మీలకి కట్టారు. అమ్మ కళ్ళు తెరిచి ఆ కట్లని చూసి, తర్వాత నన్ను చూసింది. ఇంట్లో నేను దేన్నైనా పాడుచేస్తే అలాగే చూసేది, తిట్టకుండా. నాకు తిట్టే అమ్మ అయితే బాగుండేదనిపించింది.

రెండో రోజు పొద్దున చూస్తే మణికట్ల మీద తోలు లేచిపోయి ఉంది. గుంజుకుని గుంజుకుని ఆ గుడ్డ ఒరుసుకుపోయింది. నర్సు కూడా బాధపడింది. "ఈ బ్యాండేజీ గరుకు అక్కా. కట్టుకునే పట్టీలు వేరే ఉంటాయి, తెప్పించమని చెప్పాను, రేపటికి గానీ రావు. ఇంట్లో మెత్తటి పాత నూలు గుడ్డేదైనా ఉంటే తెండి" అంది.

ఇన్నాళ్ళకి ఎవరో ఒకరు నాకు చెయ్యగలిగే పనంటూ ఒకటి చెప్పారు! బస్సెక్కి పరిగెత్తినట్టే ఇంటికి వెళ్ళాను. బీరువా అంతా కిందేసి వెతికాను. తువ్వాళ్ళు గరుకు, దుప్పట్లు మందం. చివరికి కూలీలెవరో ఉతికి కొయ్యకి ఆరేసిన అమ్మ పాత చీర కనిపించింది. ఎన్నో ఏళ్ళు కట్టి కట్టి, ఉతికి ఉతికి అరిటాకంత మెత్తగా అయిన చీరాల నూలు చీర. చెంపకి ఆనించుకుని చూశాను. వాసన చూశాను. మా ఇంటి వాసనే. అమ్మకి తన చీర దగ్గరున్నట్టు ఉంటుంది, ధైర్యంగా ఉంటుంది అని కూడా అనుకున్నాను. ఇంత తెలివి నాకు తప్ప ఎవరికి వస్తుందని లోపల కాస్త పొంగిపోయాను కూడా. నాలుగు పీలికలు చింపి సంచీలో పెట్టుకుని సాయంత్రానికి ఆసుపత్రికి చేరాను.

"మీరే కట్టండి అక్కా, మీరైతే ఊరుకుంటారు" అంది నర్సు. ముడి ఎలా వెయ్యాలో చూపించింది. నేనే కట్టాను. అమ్మ ఊరుకుంది. తన చీర అంచు గుర్తుపట్టి దాని మీద చూపుడు వేలు ఒకసారి రాసింది కూడా. నేను బయటికొచ్చి మా ఆయనకి ఫోన్ చేసి, "గుడ్డ బాగా పనికొచ్చింది" అని చెప్పాను.

మర్నాడు పొద్దున నా పది నిమిషాలకి లోపలికి వెళ్తే అమ్మ కాళ్ళు కూడా కట్టేసి ఉన్నాయి.

"ఏంటిది?" అని అరిచాను.

"చీకటిపడ్డ దగ్గర్నుంచీ ఒకటే గింజుకున్నారంట అక్కా. మంచం మీంచి కిందకి జారిపోబోయారంట. నైటు డ్యూటీ వాళ్ళు కాళ్ళు కట్టారు. మగత మందు కూడా పెంచారు" అంది ఆ పిల్ల. అప్పుడే డ్యూటీలోకి వచ్చి ఇంకా సంచీ కూడా కింద పెట్టలేదు.

మందు మగతలో కూడా అమ్మ నుదురు ముడిపడే ఉంది. కళ్ళ కొసల్నుంచి నీళ్ళు చెవుల్లోకి కారి ఎండిపోయాయి. చేతులు రెండూ కట్టు దగ్గర్నుంచి పైకి లేచి, వేళ్ళన్నీ విడివిడిగా బార్లా చాచి ఉన్నాయి. నన్ను చూడగానే ఆ వేళ్ళు ఇంకా చాచింది. వేలికీ వేలికీ తగలనంత చాచి, అలాగే గాల్లో ఆపింది. నాకు కోపం వచ్చింది. భయం వేస్తే నాకు కోపమే వస్తుంది. "ఏందమ్మా ఇది, చిన్నపిల్లలాగా! నీ మంచికే కదా కట్టింది. గమ్మునుండు" అన్నాను. ఆ వేళ్ళు పట్టుకుని ఒక్కొక్కటీ మడిచి పిడికిలి చేసి, నా అరచేత్తో మూసి పట్టుకున్నాను. వదలగానే మళ్ళీ చాచింది. నేను మళ్ళీ మడిచాను. ఇలా మూడుసార్లు జరిగింది. తర్వాత అమ్మ నా వైపు చూడటం మానేసి కప్పు వంక చూసింది.

నర్సు కట్టు కింద ఎలా ఉందో చూద్దామని వచ్చింది. గుంజడం వల్ల ముడి బిగిసిపోయింది. గ్లౌజులతో రాక వాటిని తీసేసి, గోళ్ళతో ముడి విప్పింది. చెమట పట్టి ముంగురులు కంట్లో పడుతుంటే చేత్తో పక్కకి తోసుకుంది. అంతే, "అమ్మో" అని వెనక్కి వెళ్ళింది. కన్ను ఎర్రగా అయిపోయింది. నీళ్ళు కారిపోతున్నాయి. చేతులు కూడా మండుతున్నాయని విదిలిస్తోంది.

"ఏం గుడ్డక్కా ఇది? దీనికి కారం ఉంది!"

నాకు మొదట అర్థం కాలేదు. కారం ఏంటి, ఉతికిన చీర అది అనబోయాను. అప్పుడు గుర్తొచ్చింది, అమ్మ కల్లంలో ముక్కుకి చుట్టుకునే చీర అది అని. అయిదు రోజులు కాదు, ఎన్ని కాపుల కారమో ఆ నూలు తాగి ఉంది. ఊళ్ళో ఎవరికైనా, ఏ పత్తి రైతు ఇంట్లో వాళ్ళకైనా, చెంపకి ఆనించుకుంటే చురుక్కుమనేది. చేతులకి కారం అంటదని విర్రవీగే మాకు మాత్రం అది మెత్తటి గుడ్డ. ఆ గుడ్డని తీసుకెళ్ళి తోలు లేచిపోయిన చోట కట్టాను. చెమటకి తడిసి, గుంజుకున్నకొద్దీ లోపలికి దిగి ఉంటుంది. గింజుకున్నందుకు కాళ్ళు కూడా కట్టారు.

ఆ చాచిన వేళ్ళు కూడా అప్పుడే అర్థమయ్యాయి. కల్లంలో ఎవరికైనా కంట్లో కారం పడితే అరవకూడదు, అరిస్తే ఘాటు గొంతులోకి పోతుంది. చేత్తో ముట్టుకోకూడదు. వేళ్ళు విడివిడిగా చాచి, చేతులు ఒంటికి దూరంగా పెట్టి నిలబడాలి. అది చూసి చేతులు శుభ్రంగా ఉన్నవాళ్ళెవరో పని ఆపి నీళ్ళతో వస్తారు. ఆ సైగ చూసి రానివాళ్ళు మా దగ్గర ఉండరు. నాకు నడక వచ్చిన ఏడాదే అమ్మ నాకు అది నేర్పింది. మాట లేని మనిషి, కట్టేసిన చేతులతో, తనకి తెలిసిన భాషలో నన్ను పిలిచింది. నేను ఆ వేళ్ళు మడిచాను. మూడుసార్లు మడిచాను.

ఏడవడానికి కూడా టైం లేదు. ఇద్దరం కలిసి కట్లన్నీ విప్పేశాం. ఆ పిల్ల ఒక కన్ను మూసుకునే సబ్బునీళ్ళు తెచ్చింది. అమ్మ మణికట్లు కడిగాం, మళ్ళీ కడిగాం, మందు రాశాం. ఎర్రటి మాంసం కనిపిస్తోంది. కడుగుతుంటే అమ్మ ఒళ్ళంతా వణికి, మెల్లగా సద్దుకుంది. "అమ్మా, నేనే" అన్నాను.

డాక్టరు గారు వచ్చి చూశారు. కాళ్ళ కట్లు తీసేయమన్నారు, మగత మందు తగ్గించమన్నారు. చేతుల సంగతి అడిగితే, గొట్టం ఇంకో రెండు రోజులైనా ఉండాలి, కట్టక తప్పదన్నారు. నేను ఆయన కాళ్ళ మీద పడబోయాను. ఆయన వెనక్కి జరిగి నర్సు వైపు చూశారు. ఆ పిల్లే దారి చూపించింది.

"అక్క పక్కన కూర్చుని రెండు చేతులూ పట్టుకుంటారు సార్. నా డ్యూటీ అయ్యేదాకా నేను చూసుకుంటాను." తర్వాత నాతో అంది, "వదిలితే మాత్రం కట్టాలక్కా. ఒక్క నిమిషం అయినా సరే. పట్టీలు వచ్చాయి, ఇవిగో." నీలం రంగు పట్టీలు, లోపల దూదిలాంటి మెత్తతో ఉన్నాయి. అవి రెండూ కమ్మీలకి తగిలించి పోయింది.

పొద్దున తొమ్మిదికి కూర్చున్నాను. ఎడమ చేత్తో ఒక చెయ్యి, కుడి చేత్తో ఇంకొకటి, పుండు తగలకుండా అరచేతుల దగ్గర పట్టుకున్నాను. ఎంత సేపైనా కూర్చుంటాను అనుకున్నాను. నా పాపానికి అదే ప్రాయశ్చిత్తం అని ఏదేదో అనుకున్నాను. మొదటి గంట అలాగే గడిచింది. తర్వాత నడుం నొప్పి మొదలైంది. మంచం ఎత్తు, స్టూలు పొట్టి. ముక్కు దురద పెడితే భుజానికి రాసుకున్నాను. ఫోను మోగుతుంటే మోగనిచ్చాను. మగత తగ్గేకొద్దీ అమ్మ చెయ్యి గొట్టం వైపు పోవడం మొదలైంది. నేను కిందకి నొక్కేదాన్ని. అరవయ్యేళ్ళ మనిషి, మిరప మూటలు ఎత్తిన చేతులు, ఎంత బలమో. ఒకసారి చెయ్యి నిజంగానే జారి ప్లాస్టరు దాకా పోయింది. నేను మోకాలు మంచం మీద పెట్టి, ఒంటి బరువంతా వేసి ఆ చెయ్యి పరుపుకి అదిమేశాను. ఆ గుడ్డ కన్నా గట్టిగా పట్టుకున్నానని నాకు తెలుసు. అమ్మ పెదాలు గొట్టం చుట్టూ వణికాయి. పక్క మంచం దగ్గర్నుంచి నర్సు చూసి, మళ్ళీ తన పనిలో పడింది.

పన్నెండున్నరకి నాకు బాత్రూముకి వెళ్ళాలనిపించింది. నర్సు ఇంకో పేషంటు దగ్గర ఉంది, ఆయన గుండె మిషను మోగుతోంది. పిలవలేను. ఓర్చుకున్నాను. ఒంటిగంట అయింది. రెండు అయింది. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు లేవు, అయినా కడుపు రాయిలా అయింది. కాళ్ళు ఒకదాని మీద ఒకటి వేసి, విప్పి, మళ్ళీ వేసి, స్టూలు మీద ముందుకీ వెనక్కీ ఊగుతున్నాను. వదిలితే కట్టాలి, కట్టకూడదు, వదలకూడదు. ఇవే మూడు మాటలు తల్లో తిరుగుతున్నాయి. ఉన్నట్టుండి అమ్మ మీద కోపం వచ్చింది. ఇంత వయసొచ్చి ఆ చేతులు ఒక్క చోట పెట్టుకోలేవా అని. నిజంగా వచ్చింది, దాచను. కళ్ళు మూసుకుని, నాకు ఆ కోపం పోవాలని మనసులోనే దండం పెట్టుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి అమ్మ నన్నే చూస్తోంది. మగత పూర్తిగా పోయిన చూపు. నా మొహాన్నీ, ఊగుతున్న ఒంటినీ, ముడేసుకున్న కాళ్ళనీ చూసింది. చిన్నప్పుడు కూడా నాకు ఏం కావాలో నేను చెప్పకముందే కనిపెట్టేది. నా చేతిలోంచి తన కుడి చెయ్యి మెల్లగా లాక్కుంది. నేను హడలిపోయి మళ్ళీ పట్టుకోబోయాను. చెయ్యి గొట్టం వైపు పోలేదు. పక్కకి వెళ్ళింది. కమ్మీకి వేలాడుతున్న నీలం పట్టీ మీద ఆనుకుని, మణికట్టు పైకి తిప్పి ఆగింది. తర్వాత ఎడమ చెయ్యి కూడా తీసుకెళ్ళి అటువైపు పట్టీ మీద పెట్టింది. తలుపు వైపు చూసి, నా వైపు చూసి, కళ్ళు ఆర్పింది.

"వొద్దమ్మా" అన్నాను.

మళ్ళీ తలుపు వైపు చూసింది. చూపుడు వేలితో పట్టీని తట్టింది, పని త్వరగా కానివ్వమన్నట్టు.

నేను కట్టాను. పుండు మీద దూది పెట్టి, దాని మీద పట్టీ చుట్టి, ఒక చేతికి, రెండో చేతికి కట్టాను. కట్టాక సందులో ఒక వేలు దూరాలని నర్సు పొద్దునే చూపించింది. వేలు పెట్టి చూశాను. కుడి చేతికి దూరింది, ఎడమ చేతికి దూరలేదు. అమ్మ కళ్ళు మూసుకుంది. దాన్ని వదులు చెయ్యకుండానే లేచి పరిగెత్తాను.

బాత్రూములోంచి నేరుగా తిరిగి రాలేదు. మెట్లు దిగి కాంటీనుకి వెళ్ళాను. రెండు ఇడ్లీ తిన్నాను, టీ తాగాను, ఇంకో టీ చెప్పి అది కూడా తాగాను. గ్లాసు వేడిగా ఉంది. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ చాలాసేపు కూర్చున్నాను. చేతులు నావి నాకే ఉంటే ఎంత హాయిగా ఉంటుందో ఆ మధ్యాహ్నమే నాకు తెలిసింది.